మధ్య మెట్టు

"మళ్ళీ చెప్పు. స్ప్రింగు దిమ్మల్ని ఏ మెట్టు మీద పెట్టావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ హార్మాలా.

"మధ్య మెట్టు. నిన్న అడిగినప్పుడూ మధ్య మెట్టే, ఇప్పుడూ మధ్య మెట్టే, రేపు నిద్రలో లేపి అడిగినా మధ్య మెట్టే. కావాలంటే రాగం కట్టి పాడతాను," అంది వియెనా.

గది మూల కాఫీ వంపుకుంటున్న రౌనా వల్లెకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోతోంది. ఉత్తర కొసన మంచులో ఉన్న రియెబన్‌యావ్రికి ఒకే ఒక్క పోలీసు తను. ఆరేళ్ళుగా ఈ ఊరి తాగుబోతుల్నీ, తప్పిపోయిన రెయిన్‌డీర్లనీ, మంచులో కూరుకున్న పర్యాటకుల్నీ చూసుకుంటున్నది తను. అయినా మనిషి చనిపోయేసరికి దక్షిణాది నుంచి ఈ పెద్దమనిషి దిగాడు. దిగిన పూటే కేసు తేల్చేశాడు. మధ్యాహ్నం విమానానికి వియెనాను తనతో తీసుకుపోతాడట. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.

పోయింది ఓవ్లా. డెబ్భై దాటిన రెయిన్‌డీర్ల కాపరి, వియెనాకు జ్ఞానతండ్రి. బాప్తిస్మం నాడు ఆమెను చేతుల్లోకి తీసుకున్నవాడు, మొదటి రెయిన్‌డీర్ పిల్లను ఆమె పేరు మీద చెవికి గుర్తు కోసి ఇచ్చినవాడు. గురువారం పొద్దున నది గట్టు కింద, తిరగబడిన తన స్నోమొబైల్ కింద శవమై కనిపించాడు. ముందురోజు, బుధవారం పొద్దున, ఆ బండి వెనక సస్పెన్షన్ మార్చింది ఊళ్ళో బండ్లు బాగుచేసే వియెనాయే. హార్మాలాకు ఆ రెండు ముక్కలు చాలు.

"ఎందుకు మార్చావు?"

"నడుం నొప్పి సార్ ఆయనకు. ఇరవై ఏళ్ళ నొప్పి. ఆ బండికి కంపెనీ వేసిన స్ప్రింగులు బండెడు బరువు లాగే మొండివి. ఓవ్లా చూస్తే గుప్పెడు మనిషి. గతుకు తగిలినప్పుడల్లా వెన్నులో మేకు దిగినట్టుందని మూలిగేవాడు. పాత స్ప్రింగులు తీసి మెత్తటివి వేశాను. కొత్త షాకబ్జార్బర్ వేశాను. స్ప్రింగు కాళ్ళు ఆనే ప్లాస్టిక్ దిమ్మలు అరిగి గుండ్రంగా అయిపోతే అవీ కొత్తవే వేశాను. ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి ఎంత దిగిందో కొలిచాను. మధ్య మెట్టు మీద సరిగ్గా దిగింది. ఒక చుట్టు తిరిగొచ్చి ఏమన్నాడో తెలుసా? 'ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే దీన్ని' అన్నాడు." ఆమె తన చేతులు చూసుకుంది. "అదే ఆఖరి మాట."

హార్మాలా ఒక ఫోటో బల్ల మీదకు జరిపాడు. "ఇది నేను తీసింది. రెండు వైపులా దిమ్మలు మొదటి మెట్టు మీద ఉన్నాయి. అన్నిటికన్నా మెత్తటి మెట్టు. అసలే మెత్తటి స్ప్రింగు, దానికి తోడు మెత్తటి మెట్టు. గట్టు మీద గతుకు తగలగానే సీటు అడుక్కంటా దిగి, అంతే విసురుగా పైకి తన్నింది. ముసలాయన గట్టు కింద పడ్డాడు. నువ్వు మధ్య మెట్టు పెట్టానంటావు. దిమ్మ కాదంటోంది. నేను ఎవరిని నమ్మాలి?"

"దిమ్మ ఎప్పుడు మాట్లాడింది మీతో?" అంది వియెనా. "అక్కా, చూడు ఈయన్ని. నా జ్ఞానతండ్రిని నేనే చంపుకున్నానంటాడు. ఆయన శవాన్ని చూడనివ్వలేదు నన్ను. పోయినవాళ్ళ కళ్ళు మూయాల్సింది నేను కాదా?"

రౌనా కాఫీ గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడుకు హార్మాలా తలెత్తాడు.

"బండి దగ్గరికి వెళ్దాం పదండి సారూ," అంది రౌనా.

"నేను చూశాను."

"చూశారు. దిమ్మల్ని తిప్పి చూశారా?"

"ఉన్న మెట్టు కనిపిస్తూనే ఉంటే తిప్పడమెందుకు?"

"పుస్తకం అట్ట చూసి కథ చెప్పేస్తారన్నమాట."

హార్మాలా ముఖం ఎర్రబడింది. "చూడండి వల్లె గారూ. ఈమె మీకు చుట్టం కావచ్చు, స్నేహితురాలు కావచ్చు, మీ ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. అందుకే నన్ను పంపారు. డాక్టరు మాట మర్చిపోకండి. తలకు దెబ్బ తగిలింది, నిజమే. కానీ బండి తన మీద పడే సమయానికి ఓవ్లా ఊపిరితో ఉన్నాడు. ఆయన నోటి దగ్గర మంచు గుంటలా కరిగి, మళ్ళీ గడ్డకట్టింది. ఎవరో చంపి తెచ్చి పడేశారనే కథలు నా దగ్గర చెప్పకండి. చచ్చినవాడు ఊపిరి పీల్చడు."

"ఊపిరి ఉన్నవాళ్ళంతా బండి నడుపుతున్నట్టేనా?"

హార్మాలా లేచాడు. కోటు తీసుకున్నాడు. విమానానికి ఇంకా టైముందని తనకు తనే చెప్పుకున్నట్టు గడియారం చూసుకున్నాడు.

బయట రౌనా తన బండి పక్కన మోకాలు వేసి, సీటు కింద సంచిలోంచి వంకర తాళంచెవి లాంటి ఇనుప పనిముట్టు తీసింది. వెనక రబ్బరు పట్టా లోపలికి చెయ్యి పోనిచ్చి దిమ్మను తిప్పింది. టక్కు. ఇంకోసారి టక్కు. అటువైపు వెళ్ళి అదే పని చేసింది.

"ఇప్పుడిది దేనికి?" అన్నాడు హార్మాలా చేతులు రుద్దుకుంటూ.

"మీకోసమే. ఇద్దరు మనుషులు ఎక్కితే వెనక కూలబడుతుంది. ముందు స్కీలు గాల్లోకి లేస్తాయి. అప్పుడు హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. అందుకని గట్టి మెట్టు మీదికి పెట్టాలి. ఇక్కడ నడక వచ్చిన పిల్లలకు కూడా తెలుసు. ఎక్కండి, మీరేం తేలిక మనిషి కాదు."

అతను ఎక్కాడు. బండి నది వైపు బయల్దేరింది.

*

నది గట్టు కింద బండి ఇంకా తిరగబడే ఉంది, మీద టార్పాలిన్ కప్పి. దాని పక్కన మంట వేసుకుని అస్లక్ కూర్చున్నాడు. ఓవ్లాకు పినతండ్రి కొడుకు, అరవై దాటినా దున్నలాంటి మనిషి. శవాన్ని మొదట చూసింది అతనే, అప్పటినుంచీ బండికి కాపలా ఉన్నదీ అతనే. బండిని ఊళ్ళోకి చేర్చే పని హార్మాలా అతనికే అప్పజెప్పాడు. అతని పక్కన లాగుడు బల్ల, తాళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

"కాఫీ ఉంది రా అమ్మాయ్," అన్నాడు అస్లక్. అక్కడి అలవాటు మేరకు ఎండు మాంసం తునకలు కాఫీలో వేసి గిన్నె అందించాడు. కళ్ళు వాచి ఉన్నాయి. మూడు రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

"బాబాయ్, ఓవ్లాను ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"పోయిన ఆదివారం. చర్చి దగ్గర."

"బుధవారం ఆయన దొడ్డికి వెళ్ళాడు కదా, దూడల్ని చూడటానికి. నువ్వు వెళ్ళలేదా?"

"లేదు. ఇంట్లోనే ఉన్నా. చేపల వల బాగుచేసుకుంటూ."

హార్మాలా విసుగ్గా, "ఇవన్నీ నేను అడిగేశాను," అన్నాడు.

అస్లక్ కట్టెలకని గట్టు మీదికి వెళ్ళాక రౌనా టార్పాలిన్ తీసింది. పక్కన మంచులో, మనిషి ముఖం ఉండాల్సిన చోట, నున్నగా గడ్డకట్టిన గుంట ఒకటి కనిపించింది. అటు ఎక్కువసేపు చూడలేకపోయింది. చిన్నప్పుడు తనకు తాడు విసరడం నేర్పింది ఓవ్లాయే. గురి తప్పితే తిట్టకుండా, ఆ రెయిన్‌డీర్‌కు ఇంకా ఆయుష్షు ఉందిలే అనేవాడు.

బండి వెల్లకిలా పడి ఉండటంతో పట్టా లోపలి చట్రం చక్కగా అందుతోంది. అటొకటి ఇటొకటి కొత్త స్ప్రింగులు. ఒక్కో స్ప్రింగు కాలు ఒక్కో తెల్లటి కొత్త ప్లాస్టిక్ దిమ్మ మీద ఆనుకుని ఉంది. దిమ్మకు మూడు ముఖాలు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. ఏ ముఖం పైకి వస్తే స్ప్రింగు ఆ మేరకు బిగుస్తుంది. హార్మాలా చెప్పింది నిజమే, రెండూ మొదటి మెట్టు మీదే ఉన్నాయి.

"వచ్చి చూడండి," అంది రౌనా. పనిముట్టుతో స్ప్రింగు కాలును పైకెత్తి పట్టింది. "మొదటి ముఖం. ఏమైనా కనిపిస్తోందా?"

హార్మాలా వంగాడు. "ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

"అవునా. ఇప్పుడు మధ్యది." దిమ్మ తిప్పింది. తెల్లటి ముఖం మీద బూడిదరంగు గీత, వేలితో తడిమితే లోతు తెలిసేంత ఒరిపిడి. "వియెనా పాకలోంచి దొడ్డి దాకా గతుకుల దారిలో బండి నడిచింది దీని మీద. స్ప్రింగు కాలు ఊగి ఊగి పడిన గీత. అమ్మాయి అబద్ధమాడిందా?"

హార్మాలా ఆ గీతను వేలితో తడిమి చూశాడు.

"ఇక మూడోది. గట్టి మెట్టు." మళ్ళీ తిప్పింది. అక్కడా గీత ఉంది. పొడవు తక్కువే, కానీ ప్లాస్టిక్ నొక్కుకుపోయి అంచు తెల్లగా చిట్లింది. "ఇది తేలిక మనిషి పని కాదు సారూ. ఇది ఇద్దరు మనుషుల బరువు. దూరం తక్కువ, బరువు ఎక్కువ. దొడ్డి నుంచి ఈ గట్టు దాకా ఎంత దూరమో దారిలో మీరే చూశారు కదా."

"ఓవ్లాయే తిప్పి ఉండవచ్చు," అన్నాడు హార్మాలా. కానీ గొంతులో పొద్దున్నటి బిగువు లేదు.

"ఓవ్లా బూటు తాళ్ళే కట్టుకోలేడు. నడుం వంగదు. పక్కింటివాళ్ళు కట్టేవాళ్ళు. మంచులో మోకాలేసి పట్టా లోపలికి చెయ్యి పెట్టి దిమ్మ తిప్పుతాడా? సరే, తిప్పాడనే అనుకుందాం. మొదటి మెట్టు మీద బండి నడిచి, గతుకు తగిలి, అడుక్కంటా దిగి పైకి తన్నిందన్నారు. మరి ఆ ముఖం మీద చిన్న గీతైనా లేదేం? మొదటి మెట్టు మీద ఈ బండి ఒక్క గతుకూ ఎక్కలేదు. ఎవరో ఇద్దరి బరువుతో దీన్ని ఇక్కడిదాకా తెచ్చారు. ఈ గట్టు మీద నిలబెట్టి, దిమ్మల్ని మొదటి మెట్టుకు తిప్పారు. తర్వాత తోసేశారు. మీరు ఆ దిమ్మల్నే చూసి ఒక ఆడపిల్లను ఖైదులో కూర్చోబెట్టారు. కన్నతండ్రి లాంటివాడు పోతే ఏడవనివ్వకుండా, ఏ మెట్టు ఏ మెట్టు అని వేధించారు. సిగ్గుగా లేదా మీకు?"

హార్మాలా లేచి నిలబడ్డాడు. కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. "తోసేసేవాడు దిమ్మలు తిప్పడం దేనికి?" అని మాత్రం అడిగాడు.

"గట్టి మెట్టు మీద వదిలితే ఇద్దరెక్కారని తెలిసిపోతుంది. అది ఒక కారణం," అంది రౌనా. రెండోది చెప్పలేదు. దిమ్మను మొదటి మెట్టుకు తిప్పినవాడికి, ఓవ్లా బండి అదే మెట్టు మీద ఉంటుందని తెలుసు. అది మొన్నటిదాకా నిజం కూడా. పాత స్ప్రింగులు ఎంత మొండివంటే, ఓవ్లా వాటిని ఎప్పుడూ మొదటి మెట్టు దాటనివ్వలేదు. కొత్త స్ప్రింగులు వచ్చాక అది మారిందని తెలిసింది ఇద్దరికే. ఒకరు చనిపోయారు. ఇంకొకరు ఖైదులో ఉన్నారు.

ఓవ్లా బండి పాత లెక్క అంత బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది? రౌనా మంట పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది. తను అనుకుంటున్నది తప్పైతే బాగుండునని నిజంగానే కోరుకుంది.

మెల్లగా తన బండి దగ్గరికి నడిచింది. దిమ్మల్ని గట్టి మెట్టు నుంచి మధ్య మెట్టుకు తిప్పింది. పనిముట్టును సంచిలో పెట్టి, కట్టెలతో తిరిగి వచ్చిన అస్లక్‌ను పిలిచింది.

"బాబాయ్, నీ బండి చిన్నది. ఈ శిథిలాన్ని గట్టు ఎక్కించలేదు. నాది తీసుకో."

"సరే అమ్మాయ్."

అస్లక్ వచ్చాడు. ఆమె ఏమీ చెప్పకుండానే మోకాలు వేశాడు. పనిముట్టు తీశాడు. తల వంచి దిమ్మ వైపు ఒకసారి చూసి, గట్టి మెట్టుకు తిప్పాడు. అటువైపూ అంతే. ముగ్గురూ కలిసి ఓవ్లా బండిని లాగుడు బల్ల మీదికి దొర్లించి కట్టారు. అస్లక్ ఇంజను రంకెలు వేయిస్తూ గట్టు ఎక్కించాడు. పైన ఆపాడు. తాళ్ళు విప్పాడు. తర్వాత మళ్ళీ మోకాలు వేసి, దిమ్మల్ని వెనక్కి తిప్పాడు. మధ్య మెట్టు. రెండు వైపులా.

గట్టెక్కి వచ్చిన హార్మాలా అది చూశాడు. ఈసారి అతనికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎందుకు తిప్పావు బాబాయ్? ఊళ్ళోకి లాగాలి కదా ఇంకా," అంది రౌనా.

"ఊళ్ళోకి నువ్వే నడుపుకుంటావు, నీ బరువు నీకు తెలుసు." అస్లక్ ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూశాడు. "పరాయి బండి తీసుకుంటే ఎలా తీసుకున్నామో అలాగే ఇవ్వాలి. మా నాన్న నేర్పిన మొదటి మర్యాద అది. మీ నాన్న నీకు నేర్పలేదా?"

"నేర్పాడు. నాది మధ్య మెట్టు మీద ఉందని ఎలా తెలుసు?"

"తిప్పేముందు చూశాగా."

"ఓవ్లా బండి కూడా అప్పుడప్పుడూ తీసుకునేవాడివి. మాంసం మోయడానికి, కట్టెలకి. అప్పుడూ చూసేవాడివా?"

"దానికి చూడ్డమెందుకు? చెయ్యి పెట్టి వెనక్కి తిప్పడమే. అది ఎన్నేళ్ళుగానో మొదటి మెట్టే."

"మొన్న బుధవారం దాకా," అంది రౌనా. "బుధవారం పొద్దున వియెనా స్ప్రింగులు మార్చింది. మెట్టు కూడా మార్చింది. ఓవ్లా బండిని ఎలా తీసుకున్నావో అలా ఇవ్వలేదు బాబాయ్ నువ్వు. మొట్టమొదటిసారి."

అస్లక్ చేతిలో పనిముట్టు అలాగే ఉంది. దాన్ని ఒకసారి తిప్పి చూశాడు.

"తిప్పేటప్పుడు చూడలేదు," అన్నాడు చివరికి. "చూడాల్సింది."

హార్మాలా ముందుకు అడుగు వేయబోతే రౌనా చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండు దూడలు," అన్నాడు అస్లక్. "రెండంటే రెండు. చెవుల మీద ఆయన గుర్తు ఉంది. నేను ఇంకో కోత కోశాను, నా గుర్తయ్యేలా. తోడేళ్ళు నావి పదకొండు తినేశాయి ఈ చలికాలం. ఎవరిని అడగను? ఆయన దొడ్లో చెవి పట్టుకుని చూశాడు. దొంగా అన్నాడు. అన్న నోటితో, ఊరంతా చెప్తానన్నాడు. నేను తోశాను. కొయ్యకు తల కొట్టుకుంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. చచ్చిపోయాడనుకున్నా. పోయినవాణ్ణి మళ్ళీ ఎవరూ చంపలేరు కదా, ప్రమాదమని అందరూ అనుకుంటే ఆయన పేరూ పోదు, నా పేరూ పోదు అనుకున్నా. ఆయన బండి మీదే గట్టు దాకా తెచ్చి తోసేశాను, వెనక్కి స్కీల మీద వెళ్ళాను. గట్టి మంచు, జాడ పడలేదు."

"వియెనా పేరు?" రౌనా అతని మీదికి ఒక అడుగు వేసింది. "ఆ పిల్ల పేరు ఏమైపోయినా ఫరవాలేదా? మూడు రోజులుగా ఇక్కడ మంట వేసుకుని, మాకు కాఫీ పోస్తూ కూర్చున్నావు. ఆ పిల్ల తన చేతులే ఆయన్ని చంపాయేమోనని రాత్రంతా ఆ చేతులే చూసుకుంటూ కూర్చుంది. దూడ చెవులు కోసినట్టు కోశావు దాని బతుకు."

"చెప్దామనే అనుకున్నా. రోజూ అనుకున్నా. కానీ చెప్తే ఆయన తిరిగి వస్తాడా? బండి పడకముందే పోయాడు. నేను తోసింది శవాన్ని."

హార్మాలా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పొద్దున్నుంచీ ఆయుధంలా వాడిన ఆ మాటను ఇప్పుడు ఎలా పలకాలో తెలియనట్టు తడబడ్డాడు.

"పోలేదు," అన్నాడు మెల్లగా. "కింద, ఆయన నోటి దగ్గర మంచు కరిగి ఉంది. డాక్టరు చెప్పింది, చాలాసేపు ఊపిరి పీల్చాడని. బండి కింద."

అస్లక్ గట్టు కిందికి చూశాడు. టార్పాలిన్ తీసేసిన చోట ఆ నున్నటి గుంట ఇక్కడికి కూడా కనిపిస్తోంది. మూడు రోజులుగా దాని పక్కనే కూర్చున్నాడు. అదేమిటో అడగలేదు.

అతను రౌనా బండి పక్కన నెమ్మదిగా మోకాలు వేశాడు. సీటు కింద సంచి తెరిచి, పనిముట్టును ఎక్కడినుంచి తీశాడో అక్కడే పెట్టి, సంచి మూతి బిగించి కట్టాడు. తర్వాత రెండు చేతులూ హార్మాలా ముందు చాచాడు.